అత్త డాగ్మార్, కోడలు అలిక్స్: ఇద్దరూ పరాయి దేశం పిల్లలే, రష్యా ఒకరినే ఎందుకు నెత్తిన పెట్టుకుంది?

పాత_అటక:
రష్యా ఆఖరి ఇద్దరు మహారాణుల గురించి చదువుతుంటే ఒక అనుమానం వచ్చింది, ఇక్కడ తెలిసినవాళ్లు ఉంటారని అడుగుతున్నా. అత్తగారు డెన్మార్క్ పిల్ల డాగ్మార్. 1866లో పెళ్లయింది, మతం మారి మరియా ఫ్యోదరోవ్నా అయింది, మొగుడు మూడో అలెగ్జాండర్. కోడలు అలిక్స్, జర్మనీలో హెస్సె అనే చిన్న సంస్థానం, విక్టోరియా మహారాణికి మనవరాలు, 1894లో రెండో నికోలస్‌ని చేసుకుని అలెగ్జాండ్రా ఫ్యోదరోవ్నా అయింది. ఇద్దరూ పుట్టుకతో లూథరన్లు (ప్రొటెస్టెంట్ క్రైస్తవులు), ఇద్దరూ రష్యా వాళ్ల ఆర్థడాక్స్ క్రైస్తవంలోకి మారారు, ఇద్దరికీ రష్యన్ వచ్చి నేర్చుకున్నదే. కానీ అత్తని ఊరంతా మెచ్చుకున్నారు, చనిపోయిన 78 ఏళ్లకి శవపేటికని డెన్మార్క్ నుంచి తెప్పించుకుని మరీ మొగుడి పక్కన పెట్టుకున్నారు. కోడల్ని మాత్రం బతికున్నంత కాలం తిట్టిపోశారు. కారణం ఏమంటారు?

గోదారోడు:
ఇందులో పెద్ద చిక్కేం లేదు. కోడలు జర్మన్. 1914లో జర్మనీతో యుద్ధం వచ్చింది. రాజధాని పేరు జర్మన్‌లా వినిపిస్తోందని సెయింట్ పీటర్స్‌బర్గ్‌ని పెట్రోగ్రాడ్ చేసిన జనం, జర్మన్ రాణిని ఊరుకుంటారా? "నేమ్కా" అన్నారు, అంటే జర్మన్‌ది అని. అత్తగారికి ఆ గోల లేదు సరికదా, 1864లో జర్మన్ రాజ్యం ప్రష్యా వాళ్లు ఆస్ట్రియాతో కలిసి డెన్మార్క్ మీద పడి ష్లెస్విగ్, హోల్‌స్టైన్ లాక్కున్నారు కాబట్టి ఆవిడకి ప్రష్యా అంటేనే ఒళ్లుమంట. శత్రువుకి శత్రువు, ఇంకేం కావాలి.

బెజవాడ_బామ్మ:
గోదారోడూ, నువ్వు చెప్పేది 1914 సంగతి నాయనా. ఆ పిల్ల మీద ఏడుపు 1894లోనే మొదలైంది. క్రిమియాలో లివాదియా రాజభవనంలో మామగారు 49 ఏళ్లకే పోయారు, నవంబర్ 1న. చావు బతుకుల్లో ఉన్నాడని కబురు పెడితే ఈ అమ్మాయి పరుగున వచ్చింది. అక్కణ్ణుంచి రాజధానికి శవయాత్రలోనే వచ్చింది. ఆ నెల 26న పెళ్లి. మైల ఉండగా పెళ్లేంటంటే, ఆ రోజు అత్తగారి పుట్టినరోజు కాబట్టి సంతాపం నియమాలు ఒక్కరోజు సడలించారు! జనం ఏమన్నారో తెలుసా, శవపేటిక వెనకాల వచ్చిందీ పిల్ల అన్నారు. కొత్త కోడలు కాలు పెట్టిన వేళ బాగోలేదని మన ఊళ్లలో అనే మాటే అక్కడా అన్నారు.

సరే అది పోయిందా అంటే, గోరుచుట్టు మీద రోకటిపోటులాగా ఏడాదిన్నరకి పట్టాభిషేకం వచ్చింది. 1896 మే నెల, మాస్కోలో ఖోదింకా మైదానం. జనానికి తినుబండారాలూ, గుర్తుగా ఒక ఎనామెల్ కప్పూ ఇస్తామన్నారు. తెల్లారకముందే లక్షల మంది చేరారు. మైదానం నిండా గుంటలు, అసలే సైన్యం కవాతు చేసే చోటు. తొక్కిసలాట. ప్రభుత్వ లెక్క ప్రకారమే 1,389 మంది పోయారు. ఆ రాత్రి ఫ్రాన్స్ రాయబారి ఇచ్చిన విందుకి కొత్త జంట వెళ్లింది. వెళ్లకపోతే ఫ్రాన్స్ వాళ్లు ఏమనుకుంటారో అని బాబాయిలు పట్టుబట్టారట. మర్నాడు ఆస్పత్రులకి వెళ్లి చూశారు కూడా. అయినా జనానికి గుర్తుండిపోయింది డాన్సు మాత్రమే.

మా తరానికి రష్యా అంటే విశాలాంధ్రలో చవగ్గా దొరికిన సోవియట్ పుస్తకాలే. వాటిలో జార్ చక్రవర్తి ఉండేవాడు, జార్ పెళ్లాం గురించి ఒక్క ముక్క ఉండేది కాదు. అందుకే పెద్దయ్యాక ఇంత ఇదిగా వెతుక్కుని చదివాను.

పాత_అటక:
బామ్మగారూ, దీనికి ఇంకోటి కలపాలి. డాగ్మార్ 1866లో వచ్చింది, మహారాణి అయింది 1881లో, మామగారు రెండో అలెగ్జాండర్ బాంబు దాడిలో పోయాక. అంటే పదిహేనేళ్లు యువరాణిగా ఉండి ఎవరి కూతురు ఎవరు, ఎవరితో ఎంత నవ్వాలి అన్నీ నేర్చుకుంది. పెళ్లయిన రెండేళ్లలోపే మగపిల్లాడు, నికోలస్. అలిక్స్‌కి ఆ టైమే దొరకలేదు, పెళ్లినాటికే మహారాణి. తర్వాత వరసగా నలుగురు ఆడపిల్లలు, ఓల్గా, తాత్యానా, మరియా, అనస్తాసియా. ఒక్కో కాన్పుకీ దేశమంతా నిట్టూర్పే. మగపిల్లాడు అలెక్సేయ్ పుట్టేసరికి 1904.

పైగా ఇంట్లో అత్తగారిదే పైచేయి. రష్యా రివాజు ప్రకారం రాజమాతకే మొదటి మర్యాద. పెద్ద పెద్ద వేడుకల్లో నికోలస్ చెయ్యి పట్టుకుని ముందు నడిచేది అమ్మ, పెళ్లాం వేరే గ్రాండ్ డ్యూక్ చెయ్యి పట్టుకుని వెనకాల. నగల దగ్గరా గొడవైంది, మహారాణికి రావలసిన ఆభరణాలు అత్తగారు చాలా రోజులు వదల్లేదు, నాకేం అక్కర్లేదు పొమ్మంది కోడలు, అప్పుడు గానీ ఇవ్వలేదు.

లెక్కల_మాస్టారు:
మీరు జర్మన్ జర్మన్ అంటున్నారు గానీ అసలు రష్యా రాజవంశం రొమానోవుల్లో రష్యన్ రక్తం ఎంతో లెక్క వేశారా? పీటర్ ది గ్రేట్‌ని పూర్తి రష్యన్ అనుకుందాం. పెళ్లాం మొదటి కేథరిన్ లివోనియా నుంచి వచ్చిన పిల్ల, ఒక పాస్టర్ గారింట్లో పనిచేస్తూ 1702లో యుద్ధంలో రష్యన్ల చేతికి చిక్కింది, కాబట్టి వాళ్ల కూతురు ఆన్నా సగం. ఆవిణ్ణి జర్మనీకిచ్చారు, కొడుకు మూడో పీటర్ పావు. ఆయన జర్మన్ పిల్లని చేసుకున్నాడు, కొడుకు పాల్ ఎనిమిదో వంతు. ఆయనా అంతే, మొదటి నికోలస్ 16వ వంతు, రెండో అలెగ్జాండర్ 32వ వంతు, మూడో అలెగ్జాండర్ 64వ వంతు, ఆఖరి నికోలస్ 128వ వంతు. అలెక్సేయ్‌కొచ్చేసరికి 256వ వంతు. నేమ్కా అని తిట్టించుకున్న ఆవిడకీ, ఆవిడ మొగుడికీ రక్తంలో పెద్ద తేడా ఏమీ లేదండీ.

(పాల్ అసలు తండ్రి సాల్తికోవ్ అనే ఆస్థాన ఉద్యోగి అని ఒక పుకారుంది. అదే నిజమైతే లెక్కంతా మారిపోయి రష్యన్ వాటా పెరుగుతుంది, అది వేరే తమాషా.)

కొత్త_గొంతు:
నమస్తే అందరికీ, చాలా రోజుల నుంచి చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. రెండు డౌట్లు. ఒకటి, ఇంత పెద్ద దేశంలో పిల్లే దొరకనట్టు ప్రతిసారీ జర్మనీకెందుకు పోయారు? రెండు, అందరూ ఫ్యోదరోవ్నాలే ఏంటి, అందరి నాన్నల పేర్లూ ఫ్యోదరా?

మాజీ_మెడికో:
నేను ఎంబీబీఎస్ రష్యాలో చేశాను, సెలవుల్లో మ్యూజియాల చుట్టూ తిరగడమే పని, కాబట్టి నేను చెప్తా.

మొదటిది. సింహాసనం వారసత్వం గురించి 1797లో పాల్ ఒక చట్టం చేశాడు, 1820లో దానికి ఇంకోటి కలిసింది: రాజవంశంలో పిల్ల కాకపోతే పుట్టే బిడ్డలకి సింహాసనం హక్కు ఉండదు. రష్యాలో రాజవంశం అంటే వీళ్లొక్కరే, మరి పిల్ల ఎక్కణ్ణుంచి రావాలి? కేథలిక్ రాజులు మతం మార్చుకోవడానికి పిల్లనివ్వరు. మిగిలింది ప్రొటెస్టెంట్లు. జర్మనీలో చిన్న చిన్న సంస్థానాలు బోలెడు, పిల్లలూ బోలెడుమంది, రష్యా సంబంధం అంటే ఎగిరి గంతేసేవాళ్లు. ఒక్క హెస్సె-డార్మ్‌స్టాట్ నుంచే నలుగురు వచ్చారు: పాల్ మొదటి భార్య నతాలియా (1776లో కాన్పులో పోయింది), రెండో అలెగ్జాండర్ భార్య మరియా, తర్వాత అక్కాచెల్లెళ్లు ఎల్లా, అలిక్స్. ఒకే ఇంటి నుంచి మేనరికం లెక్కన తెచ్చుకున్నట్టే.

రెండోది. నాన్న పేరు ఏదైనా సరే, రొమానోవులకి ఇలవేల్పులాంటి ఫ్యోదరోవ్‌స్కయా మేరీమాత పటం ఒకటుంది, ఆ పటం పేరు మీద చాలామందికి ఫ్యోదరోవ్నా అని పెట్టారు. అలిక్స్ నాన్న పేరు లుడ్విగ్.

చలిదేశం:
గోదారోడు గారి యుద్ధం థియరీకి పెద్ద బెడద రెండో కేథరిన్. ఆవిడ కంటే జర్మన్ ఎవరున్నారు? 1729లో స్టెట్టిన్‌లో పుట్టింది, నాన్న ప్రష్యా సైన్యంలో జనరల్, అసలు పేరు సోఫీ. అత్తగారి వరస అయిన ఎలిజబెత్ మహారాణి పిలిపిస్తే 1744లో, పద్నాలుగేళ్లప్పుడు, రష్యా వచ్చింది. వచ్చీరాగానే రాత్రిళ్లు నిద్రలేచి, చెప్పుల్లేకుండా గదిలో తిరుగుతూ రష్యన్ పాఠం బట్టీ పట్టేదట, ఫిబ్రవరి మార్చి చలిలో, మాస్కోలో. ఊపిరితిత్తులకి జబ్బు చేసింది, బతకదనుకున్నారు, వైద్యులు మీద మీద రక్తం తీశారు. వాళ్లమ్మ లూథరన్ పాస్టర్‌ని పిలుద్దామంటే, వద్దు, నాకు ఆర్థడాక్స్ పాఠాలు చెప్పే తోదోర్‌స్కీ గారిని పిలవండి అంది ఈ పిల్ల. ఆ ఒక్క మాటకి మహారాణి కరిగిపోయింది, ఆస్థానమంతా కరిగిపోయింది. ఇవన్నీ తన జ్ఞాపకాల్లో ఆవిడే రాసుకుంది, కాబట్టి కాస్త ఉప్పు కారం చల్లే ఉంటుంది. అయినా ఏ రోటి కాడ ఆ పాట పాడాలని పద్నాలుగేళ్లకే తెలిసిన మనిషి.

వాళ్లమ్మకి మాత్రం తెలియలేదు. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ తరఫున రహస్య మంతనాలు నడిపి దొరికిపోయింది, కూతురి పెళ్లయిన వెంటనే 1745లో సాగనంపేశారు.

బెజవాడ_బామ్మ:
చలిదేశం బాగా చెప్పావు గానీ ఆ కాన్పు సంగతి కూడా రాయవయ్యా. పెళ్లయిన తొమ్మిదేళ్లకి, 1754లో కొడుకు పుట్టాడు, పాల్. బొడ్డు కోసీ కోయగానే ఎలిజబెత్ మహారాణి బిడ్డని ఎత్తుకుని తన గదులకి వెళ్లిపోయింది. వెనకాలే మంత్రసాని, చుట్టాలు, అందరూ. పచ్చి బాలింత తలుపులూ కిటికీల గాలి కొట్టే చోట పరుపు మీద ఒక్కతే. దాహం అంటే నీళ్లిచ్చే మనిషి లేడు, మంచం మీదకి మార్చండర్రా అంటే మహారాణి చెప్పందే మార్చం అన్నారు. గంటల తరబడి అలాగే. బిడ్డని మళ్లీ చూపించింది ఎన్నో రోజుల తర్వాత.

అంత అనుభవించిన మనిషి ఏం చేయాలి? తన కోడలికి తొలి మగబిడ్డ పుట్టగానే ఆవిడా అదే పని చేసింది! పాల్ రెండో పెళ్లాం వుర్టెంబెర్గ్ పిల్ల, తర్వాత మరియా ఫ్యోదరోవ్నా అయినావిడ, 1777లో అలెగ్జాండర్‌ని కంది, రెండేళ్లకి కాన్‌స్టాంటిన్‌ని. ఇద్దర్నీ నాయనమ్మే లాక్కుని పెంచింది. కొడుక్కీ కోడలికీ పావ్లోవ్‌స్క్‌లో స్థలం ఇచ్చింది, ఇల్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి అని. బిడ్డలకి బదులు తోట. ఆ కోడలు మొత్తం పదిమందిని కంది, అందులో ఇద్దరు చక్రవర్తులయ్యారు.

లెక్కల_మాస్టారు:
ఆ అత్తాకోడళ్లు ఇద్దరూ పుట్టింది స్టెట్టిన్‌లోనే, ముప్ఫై ఏళ్ల తేడాతో.

గోదారోడు:
కేథరిన్ వేరండీ. ఆవిడ 1762లో సైన్యాన్ని వెంటేసుకుని మొగుణ్ణే దింపేసింది, కొద్ది రోజులకే ఆయన రోప్షాలో హతమయ్యాడు, 34 ఏళ్లు ఏలింది. రాజ్యం గెలిచి పెట్టినవాళ్లని ఎవరూ పుట్టిల్లు ఎక్కడని అడగరు. సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఆవిడ రాజదండంలో ఉన్న ఓర్లోవ్ వజ్రం మన గోల్కొండ గనుల సరుకేనని చాలామంది నమ్మకం, శ్రీరంగం గుళ్లోంచి ఎత్తుకుపోయారని ఒక కథ కూడా ఉంది. దాదాపు 190 క్యారెట్లు, ఇప్పుడు క్రెమ్లిన్‌లో ఉంది.

అలిక్స్ సంగతికొస్తే, మీరంతా పాపం పాపం అంటున్నారు. 1915లో మొగుడు సైన్యానికి సారథ్యం వహిస్తానని మొగిల్యోవ్‌కి వెళ్లాడు. వెళ్లొద్దురా అని తల్లి బతిమాలింది. పెళ్లాం వెళ్లమంది. వెనక రాజధానిలో మంత్రుల్ని తీసేయ్, వీణ్ణి పెట్టు అని రోజూ ఉత్తరాలు. 1916 మొదట్నుంచి 1917 విప్లవం దాకా ముగ్గురు కొత్త ప్రధానులు వచ్చారు, అందులో ఒకడి పేరు ష్టుర్మర్! యుద్ధం జర్మనీతో, ప్రధాని పేరు జర్మన్‌ది, రాణి జర్మన్‌ది. పీటర్ ది గ్రేట్‌లా ఉండు, ఇవాన్ ది టెరిబుల్‌లా ఉండు, అందర్నీ అణిచెయ్ అని 1916 డిసెంబర్లో రాసింది. ఇది సిగ్గరి పిల్ల రాసే ఉత్తరమా?

పాత_అటక:
ఆ ఉత్తరాలు ఏ భాషలో రాసిందో కూడా చెప్పండి మరి. ఇంగ్లీషులో! ఆరేళ్లప్పుడు 1878లో డిఫ్తీరియాతో తల్లి పోతే ఇంగ్లండ్ నుంచి అమ్మమ్మ విక్టోరియా పర్యవేక్షణలో పెరిగిన పిల్ల, మొగుడితో మాట్లాడేదీ రాసేదీ అంతా ఇంగ్లీషే. జర్మనీ చక్రవర్తి కైజర్ అంటే ఆవిడకీ పడేది కాదు. మతం మారడానికి కేథరిన్‌లా క్షణంలో ఒప్పుకోలేదు, నికోలస్ ఏళ్ల తరబడి అడిగితే 1894 ఏప్రిల్‌లో కోబర్గ్‌లో తన అన్న పెళ్లికి వెళ్లినప్పుడు ఏడ్చి ఏడ్చి ఒప్పుకుంది. ఒప్పుకున్నాక మాత్రం రష్యన్ల కంటే ఎక్కువ ఆర్థడాక్స్ అయిపోయింది. జనానికి కనపడకపోవడమే ఆవిడ చేసిన తప్పని నా ఉద్దేశం. విందులంటే టెన్షన్, ముఖం మీద ఎర్రటి మచ్చలు వచ్చేవి, రాజధాని బయట త్సార్‌స్కోయే సెలో భవనంలో పిల్లల్ని పెట్టుకుని ఉండిపోయేది. అత్తగారు తెల్లారేదాకా నాట్యం చేసే మనిషి. 1888లో బోర్కీ దగ్గర రాజకుటుంబం రైలు పట్టాలు తప్పితే, తన సామాన్లలోని గుడ్డలు చింపి దెబ్బలు తగిలినవాళ్లకి కట్లు కట్టింది. కోడలు యుద్ధంలో నర్సు ట్రైనింగు తీసుకుని ఇద్దరు కూతుళ్లతో కలిసి ఆపరేషన్ల దగ్గర నిలబడింది, గాయాలు కడిగింది. జనం ఏమన్నారు? రాణికి ఈ పనులేంటి, హోదా దిగజార్చుకుంది అన్నారు.

మాజీ_మెడికో:
అసలు కీలకం ఎవరూ ముట్టుకోలేదు. హిమోఫీలియా. రక్తం గడ్డకట్టని జబ్బు, తల్లి మోసుకొస్తుంది, మగపిల్లలకి వస్తుంది. విక్టోరియా నుంచి కూతురు ఆలిస్‌కి, ఆలిస్ నుంచి అలిక్స్‌కి. అలిక్స్ అన్నల్లో ఒకడు, ఫ్రిట్టీ, 1873లో కిటికీలోంచి పడి రక్తస్రావంతో పోయాడు. తన కొడుక్కి బొడ్డు దగ్గర రక్తం ఆగకపోయినప్పుడే ఆ తల్లికి అర్థమై ఉంటుంది, తన వల్లే వచ్చిందని.

1912లో పోలండ్‌లోని స్పాలా వేట బంగళాలో అలెక్సేయ్‌కి తొడ దగ్గర లోపల రక్తస్రావం. ఎనిమిదేళ్ల పిల్లాడు రోజుల తరబడి అరుస్తుంటే పనివాళ్లు చెవుల్లో దూది పెట్టుకున్నారంటారు. చివరి ప్రార్థనలు కూడా అయిపోయాయి. అప్పుడు సైబీరియా నుంచి రస్పుటిన్ అనే సాధువు టెలిగ్రామ్, పిల్లాడు బతుకుతాడు, డాక్టర్లని మరీ ఇబ్బంది పెట్టనివ్వకండి అని. తర్వాత తగ్గింది. అలాంటి చోట ఏ తల్లి అయినా ఏం నమ్ముతుంది? ఆ టెలిగ్రామ్‌ని మెడికల్‌గా చూస్తే, ఊరికే కెలక్కుండా వదిలేయడమే పిల్లాడికి మేలు చేసి ఉండొచ్చని నా అభిప్రాయం.

ఇక్కడే పెద్ద పొరపాటు జరిగింది. జబ్బు సంగతి దేశానికి చెప్పలేదు. జనానికి కనిపించింది ఏంటి? మహారాణి గదుల్లోకి ఒక గడ్డం మొరటు మనిషి వచ్చిపోతున్నాడు, ఎందుకో తెలియదు. మిగతాది పుకార్లు పూరించాయి. ఏ రకం హిమోఫీలియానో 2009లో ఎముకల డీఎన్‌ఏతో తేలింది, బి రకం.

కొత్త_గొంతు:
మెడికో అన్నా, ఎముకలంటే గుర్తొచ్చింది, అనస్తాసియా తప్పించుకుందంటారు కదా?

మాజీ_మెడికో:
లేదు తమ్ముడూ. 1918 జులై 17 తెల్లవారుజామున యెకాతెరిన్‌బర్గ్‌లో కుటుంబంలో ఏడుగురినీ చంపేశారు, డాక్టరు, ముగ్గురు పనివాళ్లతో సహా. 1991లో తవ్వినప్పుడు ఇద్దరు పిల్లల ఎముకలు లేవు, అందుకే ఆ కథలు. 2007లో అవీ దొరికాయి. తల్లి వైపు గుర్తు తేలింది ఎవరి రక్తంతోనో తెలుసా, అప్పటి ఇంగ్లండ్ రాణి రెండో ఎలిజబెత్ భర్త ప్రిన్స్ ఫిలిప్ రక్తంతో, ఆయన అమ్మమ్మ అలిక్స్‌కి అక్క. నికోలస్ డీఎన్‌ఏలో ఒక అరుదైన తేడా వచ్చి శాస్త్రవేత్తలు తలపట్టుకున్నారు, తమ్ముడు జార్జి సమాధి తెరిచి చూస్తే అతనిలోనూ అదే తేడా. ఆ ఇద్దరికీ వచ్చింది తల్లి డాగ్మార్ నుంచే.

మోడరేటర్:
రస్పుటిన్ మీద వేరే చర్చ నడుస్తోంది, ఆ సంగతులు అక్కడ రాయండి. ఇక్కడ రాణుల వరకే.

బెజవాడ_బామ్మ:
మరి మధ్యలో నలిగిపోయిన మరియా అలెగ్జాండ్రోవ్నాని మర్చిపోయారు. డాగ్మార్‌కి అత్తగారు ఆవిడ, రెండో అలెగ్జాండర్ భార్య. క్షయతో మంచం పట్టి ఉంటే, మొగుడు ప్రియురాలు దోల్గొరుకోవాని పిల్లలతో సహా అదే వింటర్ ప్యాలెస్‌కి తెచ్చి పెట్టాడు. ఆవిడ 1880లో పోతే రెండు నెలలు కూడా ఆగకుండా పెళ్లి చేసుకున్నాడు. మరియిన్‌స్కీ థియేటర్ ఆవిడ పేరు మీదదే.

మాజీ_మెడికో:
బామ్మగారూ, వాళ్ల సమాధులు చూశాను. పీటర్ అండ్ పాల్ కేథడ్రల్‌లో రాజుల సమాధులన్నీ తెల్ల పాలరాయే, వరసగా ఒకే అచ్చు. ఈ దంపతులవి మాత్రం వేరు. ఆయనది ఆకుపచ్చ జాస్పర్, ఆవిడది గులాబీ రంగు రోడొనైట్, ఉరల్ రాయి, నల్లటి చారలు పాకి ఉంటాయి. చెక్కి నునుపు పెట్టడానికి పదిహేడేళ్లు పట్టిందని గైడ్ చెప్పింది. బతికుండగా దక్కని గౌరవం రాయిలో దక్కింది.

చలిదేశం:
డాగ్మార్ ముగింపు కూడా రాయాలి. 1917లో కొడుకు గద్దె దిగాక మొగిల్యోవ్ వెళ్లి కలిసింది, అదే ఆఖరి చూపు. క్రిమియాలో రెండేళ్లు నిర్బంధం, భయం. 1919 ఏప్రిల్‌లో బ్రిటన్ రాజు, అంటే ఆవిడ అక్క కొడుకు, యుద్ధనౌక పంపిస్తే, నాతో ఉన్నవాళ్లందర్నీ ఎక్కించుకుంటేనే వస్తానంది. ఎక్కించుకున్నారు. తర్వాత కోపెన్‌హేగన్. డెన్మార్క్ రాజు ఆవిడకి మేనల్లుడు, మహా పీనాసి. కరెంటు బిల్లు ఎక్కువొస్తోంది, కాస్త లైట్లు ఆర్పమని కబురు పెడితే, ఇంట్లో ఉన్న దీపాలన్నీ వెలిగించమని పనివాళ్లకి చెప్పిందట. కొడుకు పోయాడని చివరిదాకా ఒప్పుకోలేదు, అందుకని సంతాప ప్రార్థనలూ చేయించలేదు. 1928లో పోయింది. 2006 సెప్టెంబర్‌లో పీటర్స్‌బర్గ్ తీసుకొచ్చారు.

గోదారోడు:
పాత_అటక గారూ, మీ మొదటి ప్రశ్నలోనే ఒక తిరకాసు ఉంది. నెత్తిన పెట్టుకున్నది అత్తని అన్నారు. కానీ 1998లోనే కోడల్ని అదే కేథడ్రల్‌లో పెట్టారు, 2000లో చర్చి ఆవిణ్ణి కుటుంబంతో సహా పరమ పునీతుల్లో చేర్చింది. ఇప్పుడు గుళ్లలో పటం ఉన్నది అలిక్స్‌ది, డాగ్మార్‌ది కాదు. రాజ్యాన్ని ముంచినావిడకి కొవ్వొత్తులు, గుడ్డలు చింపి కట్లు కట్టినావిడకి ఒక సమాధి. ఇదేం న్యాయం?

పాత_అటక:
చర్చి ఆవిడ రాజకీయాలకి ఆ గౌరవం ఇవ్వలేదండీ, ఆ మాట వాళ్లే స్పష్టంగా చెప్పారు. పట్టుబడ్డాక చావుదాకా ఆ పదహారు నెలలు కుటుంబమంతా ఓర్చుకున్న తీరుకి ఇచ్చారు. మంత్రుల మీద రాసిన ఉత్తరాలకి ఆవిణ్ణి మీరు నిరభ్యంతరంగా తిట్టుకోవచ్చు, నేను అడ్డురాను.